పొగగొట్టం ఏ వైపు

సోమవారం

మా యుద్ధనౌక వంశధారకు ఎనిమిది పెద్ద ఫిరంగులున్నాయి. రుబ్బురోలు మాత్రం ఒక్కటే. ఆరువందల మందికి ఆ ఒక్క రోట్లోనే పచ్చడి తయారు కావాలి కనుక అది పచ్చడిలా కాక కంకరలా ఉంటుంది. ఇవాళ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. వంటమనిషి సింహాద్రి దాన్ని చదివి, మడిచి, పొయ్యిలో పెట్టాడు.

"పళ్ళూడిపోనాయని మీ వాటా కూడా నన్నే నమిలి పెట్టమంటారేటి మాస్టారూ," అన్నాడు.

తప్పు అతనిది కాదు. మిక్సీ తిప్పితే ఆ మోటారు చప్పుడుకు కూడా ఈగలు వస్తాయని వంటింటికి కరెంటు తీసేశారు. ఇంజన్ల గదికి సీసపు గోడలు కట్టారు గాని, వంటింటి దాకా వచ్చేసరికి సీసం అయిపోయిందట. ఈగలంటే ఇనప ఈగలు. ఎక్కడ రేడియో పలికినా, రాడార్ తిరిగినా, చివరికి ఎవడి జేబులోనో ఫోను మూలిగినా, ఆ జాడ పట్టుకుని సముద్రాలు దాటి వచ్చి పేలతాయి. అన్ని దేశాల దగ్గరా ఉన్నాయి కనుక అన్ని దేశాలూ నోరు మూసుకున్నాయి. ఇప్పుడు అట్లాంటిక్ మీద ఓడను చూడాలంటే కంటితోనే చూడాలి. పలకరించాలంటే దీపం ఆర్పి వెలిగించి పలకరించాలి. ముంచాలంటే ఫిరంగి పేల్చాలి. మా తాతముత్తాతల నాటి యుద్ధం తిరిగి వచ్చింది, దాంతోపాటే మావంటి ముసలివాళ్ళకు ఉద్యోగాలూ వచ్చాయి.

నా ఉద్యోగం ఆనవాలు చెప్పడం. దూరాన ఓడ కనిపిస్తే దుర్భిణిలో చూసి, అది సరుకు ఓడో పగటివేషమో తేల్చాలి. పగటివేషం అన్నది మా నావికులు పెట్టిన పేరు. పైకి ఉల్లిపాయలు మోసే ఓడలా అమాయకంగా వచ్చి, దగ్గరపడ్డాక పక్కపలకలు దించి ఫిరంగులు బయటపెట్టే దోపిడీ ఓడ అది. ఇదేమీ కొత్త విద్య కాదు. వెనకటి రెండు ప్రపంచయుద్ధాల్లోనూ ఇవే నీళ్ళలో ఇదే ఆట ఆడారు. చెక్కతో, గుడ్డతో దొంగ పొగగొట్టాలు కట్టేవారు. ఒక దోపిడీ ఓడ ఫలానా ఓడలా వేషం కట్టి తిరుగుతూ, తిన్నగా వెళ్ళి ఆ ఫలానా ఓడకే ఎదురుపడిందని కూడా చెబుతారు.

ఇవన్నీ చదివినవాణ్ణి కనుకే డెబ్బై దాటిన నన్ను నౌకాదళం వాళ్ళు ఇంటికి వచ్చి బతిమాలి తెచ్చుకున్నారు. అంతకు చాలా ఏళ్ళ ముందు, నేను పాఠాలు చెప్పే భీమిలి శిక్షణ పాఠశాల నుంచి "కాలం చెల్లిన విద్య" అని రాసి పంపేసింది కూడా వాళ్ళే. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టినాయన ఇప్పుడు విశాఖలో దీపపు సంకేతాలు నేర్చుకుంటున్నాడట. పరీక్ష రెండుసార్లు తప్పాడట. దేవుడి విషయం నేనింకా తేల్చుకోలేదు గాని, ఆ వార్త విన్న రోజున ఎందుకైనా మంచిదని ఒక దణ్ణం పెట్టాను.

ఇక్కడ ఒకే ఒక్క ఇబ్బంది. ఆనవాలు చెప్పేవాళ్ళు ఓడకు ఇద్దరుండాలి. ఆ రెండో ఆయన గంటి చిదంబరం.

మంగళవారం

చిదంబరం గురించి పక్షపాతం లేకుండా రాస్తాను. అతను మొండివాడు, గొప్పలవాడు, నిద్రలో కూడా ఉపన్యాసం ఇస్తాడు. భోజనాల బల్ల దగ్గర మజ్జిగ నా వైపు జరపడు. ఇంతకు మించి చెడ్డగుణాలు వెతుకుతున్నాను, దొరకగానే రాస్తాను.

అతని కీర్తికి కారణం బొమ్మలు. పాఠశాలలో మేమిద్దరం ఓడల ఆనవాళ్ళు నేర్పే రోజుల్లో అతను రకరకాల ఓడల రూపాలు గీసి, ఏటికొప్పాక పంపించి, అంకుడు కర్రతో బొమ్మలు చేయించాడు. అరచేతిలో పట్టే ఓడలు, లక్క మెరుగుతో. చెక్కినవాళ్ళు ఇతను ఎలా గీస్తే అలా వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కారు. చాలా అందంగా వచ్చాయని ఒప్పుకుంటాను. పిల్లలు ఆడుకోవడానికి కూడా కొన్నారు. దేశదేశాలకూ వెళ్ళాయి. ఫోన్ల తెరల్లో దాచుకున్న ఫొటోలన్నీ తెరలతోబాటు ఆరిపోయాక, ఏ ఓడ ఎలా ఉండేదో చెప్పడానికి లోకంలో మిగిలినవి దాదాపు ఈ బొమ్మలే.

వాటిలో సెరెనా రకం ధాన్యపు ఓడ బొమ్మ ఒకటి ఉంది. దానికి పొగగొట్టం మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. చిదంబరం బొమ్మలో అది కుడిపక్కన ఉంది. అసలు ఓడలో అది ఎడమపక్కన ఉంటుంది. నాకెలా తెలుసంటే, పాఠశాలలో చేరకముందు సెరెనా ఓడ మీద రెండేళ్ళు పనిచేశాను. నా గది ఎడమపక్కనే. ఆ రెండేళ్ళ పొగ ఇప్పటికీ దగ్గినప్పుడల్లా ఎడమ ఎడమ అని చెబుతూనే ఉంది.

ఆ మాట ముప్పై ఏళ్ళ కిందట ఉపాధ్యాయుల సమావేశంలో, అందరి ముందూ చెప్పాను. చిదంబరం కళ్ళద్దాలు తుడుచుకుని, "మొదటి ఏడు ఓడలకు ఎడమే. చివర కట్టిన రెండింటికి కుడి. నా బొమ్మ ఆ చివరి రెండింటిది," అన్నాడు. ఆ చివరి రెండు ఓడలను చూసినవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు. ఆయన అవి ఉన్నాయని పాఠం చెప్పాడు, నేను లేవని పాఠం చెప్పాను.

మా కెప్టెన్ వాసుపల్లి ఇందుమతి మా ఇద్దరి దగ్గరా చదువుకుంది. ఈ ఉదయం ఆ ప్రసక్తి వస్తే నవ్వింది.

"పరీక్షలో సెరెనా ప్రశ్న వస్తే మేమంతా వదిలేసేవాళ్ళం మాస్టారూ. ఎడమ అని రాస్తే ఆయన సున్నా వేసేవారు, కుడి అని రాస్తే మీరు."

"సరైన జవాబు ఎడమ."

"ఇప్పుడు నాకు మార్కులు అక్కర్లేదులెండి."

బుధవారం

పొద్దున అప్పలకొండ పై నుంచి కేక వేసింది. ఓడ మీద అందరికంటే చూపు మంచిదని ఆమెను స్తంభం మీది గూట్లో కాపలా పెట్టారు.

"మాస్టారూ, ఎనకాల ఓడండి. ఒంటిగా వస్తంది."

మేం తొమ్మిది ధాన్యపు ఓడలకు కాపుగా వెళుతున్నాం. దక్షిణ అమెరికా గోధుమ, ఆఫ్రికా కొస చుట్టి, మన తీరానికి చేరాలి. అవి చేరకపోతే విశాఖ నుంచి మచిలీపట్నం దాకా వచ్చే నెల రేషన్ దుకాణాలు తెరవరు. కనుక వెనకాల ఒంటిగా వచ్చే ఓడను ఎవరూ ముచ్చటగా చూడరు.

మధ్యాహ్నానికి రూపం తెలిసింది. సెరెనా రకం. యుద్ధం మొదలయ్యాక సరుకు ఓడలన్నీ పేర్లు చెరిపేసుకున్నాయి కనుక పేరు లేదు. దీపంతో మాట పంపింది: ఇంజను జబ్బు, నలభై మందిమి, పిల్లలున్నారు, మీ గుంపులో కలవనివ్వండి. అది మలుపు తిరిగినప్పుడు ముందు నుంచి చూశాను. పొగగొట్టం దానికి కుడిపక్కన ఉంది.

అసలు ఓడ చూసి వేషం కట్టినవాడు ఎడమన కట్టేవాడు. బొమ్మ చూసి కట్టినవాడే కుడిన కడతాడు.

మా ఓడ మీద చట్టం రెండు నోళ్ళ చట్టం. ఇద్దరు ఆనవాలు అధికారులూ విడివిడిగా చూసి "శత్రువు" అని ఒకే మాట చెబితేనే ఫిరంగి పేలాలి. ఇద్దరూ "సరుకు ఓడ" అంటే గుంపులో కలుపుకోవాలి. మాట కలవకపోతే ఆ ఓడ దూరంగా వెనకాలే రావాలి. ఒక్క మనిషి మాట మీద ఫిరంగి పేల్చి, వలస వెళుతున్న జనం ఉన్న ఓడను మనవాళ్ళే ముంచిన తర్వాత ఈ చట్టం వచ్చింది. ఆ రోజు ఆ ఫిరంగుల దగ్గర అధికారిగా ఉన్నది ఇందుమతి. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తదు. చట్టాన్ని మాత్రం వంట ఉప్పు కంటే జాగ్రత్తగా వాడుతుంది.

"చెప్పండి," అంది మమ్మల్ని పిలిచి.

"శత్రువు. సెరెనాకు పొగగొట్టం ఎడమన ఉంటుంది," అన్నాను.

"సరుకు ఓడ. చివరి రెండింటిలో ఒకటి," అన్నాడు చిదంబరం, నా వైపు చూడకుండా.

"పడవ పంపి చూడకూడదా?" అని నేనే అడిగాను.

"పడవ దించాలంటే మనం ఆగాలి మాస్టారూ. మన ఓడ జంఝావతి అలాగే ఆగి మునిగింది. దాని మీద నా బ్యాచ్ వాళ్ళు పదకొండు మంది ఉండేవాళ్ళు." దుర్భిణి దించి, "మీ ఇద్దరికీ సముద్రం ఉప్పగా ఉందని ఒప్పుకోవడానికే వారం పట్టింది. ఈసారి అంత తీరిక లేదు," అంది.

సాయంత్రం అప్పలకొండ కిందికి దిగి టీ తాగుతూ చెప్పింది.

"ఆ ఓడ మీద ఒక ఆడమనిసి బట్టలారేస్తందండి. పొద్దున ఆరేసిన బట్టలే తీసి మళ్ళీ ఆరేస్తంది."

"శుభ్రత గల మనిషి," అన్నాడు చిదంబరం.

"మా అత్తని మించిపోనాదండి."

అందరూ నవ్వారు. చిదంబరం నవ్వలేదు. అతను ఆ బట్టల గురించి ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. ఎందుకంటే నేనూ అదే ఆలోచిస్తున్నాను. దోపిడీ ఓడల మీద నావికులకు ఆడవేషం కట్టించిన సంగతి ఇద్దరం ఒకే గ్రంథాలయంలో కూర్చుని చదివాం.

గురువారం

పొద్దున్నే ఇందుమతి నన్ను పక్కకు పిలిచింది.

"నిన్న రాత్రి అది చాలా దూరంలో ఉంది, ఇవాళ దగ్గరపడింది, పైగా రాత్రి చంద్రుడుండడు. వెనక ఉండమన్న ఓడ చీకట్లో ఎక్కడుంటుందో నాకు కనిపించదు. అది వేషమే అయితే తెల్లారేసరికి ధాన్యపు ఓడల మధ్యలో ఉంటుంది. కాకపోతే, పిల్లలున్న ఓడ మీద పేల్చమని నేను ఇంకోసారి చెప్పలేను. పొద్దుగుంకేలోగా మీ ఇద్దరి మాటా ఒకటి కావాలి."

"ఆయన్ని అడుగు."

"అడిగాను. మిమ్మల్ని అడగమన్నారు."

మధ్యాహ్నం చిదంబరం గదికి వెళ్ళాను. ఓడ ఎక్కాక వెళ్ళడం అదే మొదటిసారి. మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు.

"మీ చివరి రెండు ఓడలూ ఎక్కడ కట్టారండీ?" అని అడిగాను.

"దక్షిణాన."

"దక్షిణాన అంటే?"

"దక్షిణాన అంటే దక్షిణానే. దిక్కులు కూడా నేనే నేర్పాలా?"

"ఎవరు కట్టారు? ఏ సంవత్సరం?"

"మీరు ముప్పై ఏళ్ళ కిందట అడగాల్సిన ప్రశ్నలు ఇవి."

"అప్పుడూ అడిగాను. అప్పుడూ దక్షిణానే అన్నారు."

అతను గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇవాళ సముద్రం మీద ఎన్ని ఓడలుంటే అన్నింటి మీదా నా బొమ్మలే ఉన్నాయి. ప్రతి ఓడ మీదా ఒక పిల్లో పిల్లాడో ఆ బొమ్మ చేత్తో పట్టుకుని దూరంగా ఉన్నదాన్ని పోల్చుకుంటున్నారు. వాటిల్లో ఒక్కటి తప్పంటే మిగతా వాటిని ఎవరు నమ్ముతారు? రేపు నిజం వేషగాడు ఎదురైతే, ఇది కూడా గంటివారి తప్పేమో అని ఆగిపోతారు. ఆగితే పోతారు."

"ఒక్కటి తప్పా?" అన్నాను.

"తప్పంటే, అన్నాను."

ముప్పై ఏళ్ళుగా వినాలనుకున్న మాట అది. నాకు దొరికింది దానిలో సగం. ఇంకొంచెం నొక్కితే మిగతా సగమూ వచ్చేదేమో. కాని నొక్కినకొద్దీ బిగుసుకునే మనిషి అతను. నాలాగే. తలుపు దగ్గరకు వేసి వచ్చేశాను.

పొద్దు వాలింది. పై గదిలో నలుగురం ఉన్నాం: ఇందుమతి, దీపం పట్టుకున్న అప్పలకొండ, నేను, అతను. వెనకాల ఆ ఓడ నిన్నటికంటే దగ్గరగా ఉంది. ఇంజను జబ్బు చేసిన ఓడ అంత హుషారుగా నడవడం నేనెక్కడా చదవలేదు. ఎదురెండ పడి దాని పొగగొట్టం నల్లగా, స్పష్టంగా, కుడిపక్కన నిలబడి ఉంది.

"చివరిసారి అడుగుతున్నాను," అంది ఇందుమతి. ఆమె చేయి మాటల గొట్టం మీద ఉంది. ఆ గొట్టంలో మాట చెబితే కింద ఫిరంగుల దగ్గర వినిపిస్తుంది. "చిదంబరం మాస్టారూ."

"సరుకు ఓడ," అన్నాడు. "చివరి రెండింటిలో ఒకటి."

"జోగారావు మాస్టారూ."

అప్పుడు నేను చెప్పినదాన్ని అధికారిక చిట్టాలో చెప్పినట్టే రాశారు. ఇది నా సొంత చిట్టా కనుక, అది ఎలాంటి మాటో కూడా రాస్తాను. అది శుద్ధ అబద్ధం.

"చిదంబరం గారు చెప్పింది నిజమే," అన్నాను. "చివర కట్టిన రెండు సెరెనాలకు పొగగొట్టం కుడిపక్కనే. నేను స్వయంగా చూశాను."

అప్పలకొండ చేతిలో దీపం మూత టక్కున పడింది. చిదంబరం తల తిప్పి నన్ను చూశాడు.

"మరి ఇన్నాళ్ళూ..." అంది ఇందుమతి.

"ఇన్నాళ్ళూ లేవన్నాను. ఆయన గెలవడం చూడలేక. తప్పే. కాని కెప్టెన్, నేను వాటిని ఎక్కడ చూశానో వినాలి. ఓడలు విరగ్గొట్టే చోట చూశాను. రెంటినీ నా కళ్ళ ముందే ముక్కలు చేసి ఇనుము కింద అమ్మేశారు. యుద్ధానికి చాలా ముందు. కనుక కుడిపక్క పొగగొట్టం ఉన్న సెరెనా ఇవాళ సముద్రం మీద ఉండటానికి వీల్లేదు. అక్కడ వస్తున్నది చిదంబరం గారి బొమ్మను చూసి, ఆ బొమ్మ ఎంత సరిగ్గా ఉందో అంత సరిగ్గా కట్టిన వేషం."

ఇందుమతి నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేను. నా దగ్గర చదువుకున్న పిల్ల, ఎప్పుడూ నన్ను అలా చూడలేదు.

"ఒక మనిషి మీద కోపంతో అన్నేళ్ళు పిల్లలకు అబద్ధం పాఠం చెప్పారా? దానికోసం మాకు సున్నాలు వేశారా?"

"వేశాను."

"నిన్నటి నుంచీ ఈ మాట కడుపులో పెట్టుకుని కూర్చున్నారా? తొమ్మిది ఓడలు ముందర పెట్టుకుని?"

"కూర్చున్నాను."

"సిగ్గుండాలి మాస్టారూ."

అన్నీ ఒప్పుకున్నాను. ఒప్పుకుంటూ చిదంబరం ముఖమే చూస్తున్నాను. ఆ రెండు ఓడలు నిజంగా ఉంటే, నేను చెప్పేది అబద్ధమని అతనికి వెంటనే తెలుస్తుంది. వాటిని ఎవరూ విరగ్గొట్టలేదని అరిచి, నన్ను అందరి ముందూ అబద్ధాలకోరును చేసి, ఆ నలభై మందినీ కాపాడతాడు. అలాంటి అవకాశం వదులుకునే మనిషి కాదు. అవి లేకపోతే మాత్రం కాదనడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. నా అబద్ధానికి కాపలా నేను కాదు, అతను. ఆ ధైర్యంతోనే ఆడాను.

చిదంబరం అరవలేదు. కళ్ళద్దాలు తీశాడు. తుడవలేదు. వాటిని చేతిలో పట్టుకుని, ఎదురుగా మసకగా కనిపిస్తున్న ఆ ఓడ వైపు తిరిగాడు.

"విరగ్గొట్టిన సంగతి నాకు తెలియదు," అన్నాడు నెమ్మదిగా. "ఆయన చూశానంటే చూసే ఉంటారు. ఆ రెండూ లేకపోతే ఇది సరుకు ఓడ కాదు." కళ్ళద్దాలు పెట్టుకుని, "శత్రువు," అన్నాడు.

"శత్రువు," అన్నాను.

ఇందుమతి గొట్టంలోకి వంగింది. మొదటి గుండు ఆ ఓడకు ముందు నీళ్ళలో వేయించింది, ఆగమని దీపం వేయించింది. ఆ ఓడ మీద బట్టలారేసే మనిషి చేతిలో గుడ్డ వదిలేసి లోపలికి పరుగెత్తింది. ఆగే ఓడ అయితే ఇంజను ఆపాలి. అది ఇంజను ఆపలేదు. పక్కపలకలు దిగాయి. లోపల ఫిరంగులు వరసగా ఉన్నాయి.

"ఓలమ్మ," అంది అప్పలకొండ.

తర్వాత జరిగినదాన్ని యుద్ధం అని రాస్తారు. నాకు గుర్తున్నది చప్పుడు, నోట్లో తుప్పు రుచి. వాళ్ళ గుండు ఒకటి మా వెనక భాగంలో పడింది. ఫిరంగి దగ్గర పనిచేసే గురుమూర్తి, సన్యాసిరావు పోయారు. ఇద్దరికీ దుర్భిణి పట్టడం నేనే నేర్పాను. మా గుండ్లు మూడోసారి సరిగ్గా పడ్డాయి. చీకటి పడేసరికి ఆ ఓడ ఒరిగి కాలుతోంది. తొమ్మిది ధాన్యపు ఓడలూ వరస చెడకుండా ముందుకు పోతున్నాయి.

శుక్రవారం

పొద్దున గురుమూర్తిని, సన్యాసిరావును సముద్రంలో వదిలాం. ఇందుమతి నాలుగు మాటలు చెప్పింది. నాతో మాట్లాడలేదు.

వాళ్ళ ఓడ నుంచి నీళ్ళలో పడ్డవాళ్ళలో యాభై మందిని పైకి లాగారు. అందులో పిల్లలెవరూ లేరు. బట్టలారేసిన మనిషికి మీసాలున్నాయి. అప్పలకొండ అతనికి దుప్పటి ఇస్తూ, బట్టలు పిండడం సరిగ్గా రాలేదని చేతులతో చూపించి చెప్పింది. వాళ్ళ అధికారి ఒకడు తమ పొగగొట్టం గురించి చాలా బాధపడ్డాడు. బొమ్మ చూసి కొలతలు తీసుకుని, ఎంతో శ్రద్ధగా కట్టారట. ఎక్కడ దొరికిపోయామో అర్థం కావడం లేదని పదేపదే అడిగాడు. చిదంబరం లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి ఓడంతా ఒకటే మాట. చిదంబరం మాస్టారి బొమ్మ అంత కచ్చితంగా ఉండబట్టే శత్రువు దొరికిపోయాడట. నావికులు దారిలో ఆయనకు పక్కకు తప్పుకుని నమస్కారాలు పెడుతున్నారు. నాకు సింహాద్రి కూడా పెట్టడం లేదు. పచ్చడి మాత్రం ఇవాళ మెత్తగా ఉంది. ఏం జరిగిందని అడిగితే, "చిదంబరం మాస్టారు మెత్తగా కావాలన్నారండి," అన్నాడు.

ఇందుమతి ఆజ్ఞ ఒకటి తయారు చేయించింది. ఎదురుపడిన మొదటి ఓడకు ఇస్తే, అది అన్ని ఓడలకూ చేరుతుంది: సెరెనా రకం ఓడకు పొగగొట్టం కుడిపక్కన కనిపిస్తే అది శత్రువు, ఎందుకంటే అలాంటివి రెండే ఉండేవి, వాటిని విరగ్గొట్టేశారు. పిల్లలు బొమ్మలను అనుమానించనక్కర్లేదు. అదే నాకూ కావలసింది. కాకపోతే, ఆ ఆజ్ఞ చదివిన ప్రతి ఓడ మీదా నేను పగతో పిల్లలకు తప్పు నేర్పిన మాస్టారినవుతాను. నేను కోరి తెచ్చుకున్నదే. అయినా చదువుతుంటే కొంచెం మండింది. నేను మహాత్ముణ్ణి కాను.

సాయంత్రం నా గది తలుపు కొట్టి చిదంబరం లోపలికి వచ్చాడు. చేతిలో ఆ ఆజ్ఞ ప్రతి, కలం. నిలబడే ఉన్నాడు. కుర్చీ మీది పుస్తకాలు తీసి కింద పెట్టాను. కూర్చున్నాడు. టీ పోశాను. ఉన్నది ఒకటే కప్పు కనుక నేను గ్లాసులో పోసుకున్నాను.

చాలాసేపు ఇద్దరం గిట్టని చుట్టాల్లా టీ చప్పరిస్తూ కూర్చున్నాం.

"సన్యాసిరావు బాగా చదివేవాడు," అన్నాడు చివరికి.

"బాగా చదివేవాడు."

"నేను బుధవారమే చెప్పి ఉంటే..."

"బుధవారం చెప్పినా వాళ్ళ దగ్గర అన్ని ఫిరంగులూ ఉండేవి," అన్నాను. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు. అతనికీ తెలియదు. ఇద్దరం అక్కడితో వదిలేశాం.

అతను కాగితం తొడ మీద పరుచుకున్నాడు.

"కెప్టెన్ ఇక్కడ ఒక ఖాళీ వదిలింది. ఆ రెండు ఓడలను ఎక్కడ విరగ్గొట్టారో రాసి, సాక్షిగా నీ సంతకం పెట్టించమంది." ముప్పై ఏళ్ళుగా ఎదురుపడ్డప్పుడల్లా "మీరు", "గారు" అంటూ మర్యాదతో పొడిచిన మనిషి. "చెప్పు జోగారావూ. ఎక్కడ చూశావు నువ్వు వాటిని విరగ్గొట్టడం?"

"నువ్వు వాటిని కట్టించిన రేవులోనే," అన్నాను.

అతను కలం మూత తీసి, ఆ రేవుకు ఏం పేరు పెడితే బాగుంటుందని నన్నే అడిగాడు.